చీటీ డబ్బుతో పియానో

మా నాన్న తెనాలి చుట్టుపక్కల పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. మెట్లున్న వాయిద్యం ఏదైనా ఒకటేననుకుంటూ పెరిగాను నేను. అందుకే పాప పియానో నేర్చుకుంటానన్నప్పుడు 61 మెట్ల కీబోర్డు కొనిచ్చి, ఆ పని అయిపోయిందనుకున్నాను.

రెండేళ్లకు వాళ్ల టీచర్ గారు నన్ను పిలిచారు. "పాపకు సంగీతం బాగా వస్తోంది, వేళ్లకే బలం రావడం లేదు. ఇంట్లో దూదిలాంటి మెట్ల మీద సాధన చేసి, ఇక్కడికొచ్చి పియానో ముందు కూర్చుంటే చెయ్యి తేలిపోతోంది" అన్నారు. నాకు అప్పుడు అర్థమైంది. హార్మోనియంలో మెట్టును ఎంత గట్టిగా నొక్కామన్నదానితో పనిలేదు, ధ్వని హెచ్చుతగ్గులన్నీ తిత్తి కొట్టే ఎడమ చేతిలో ఉంటాయి. పియానోలో మెట్టు నొక్కితే లోపల ఫెల్టు చుట్టిన సుత్తి వెళ్లి తీగను కొడుతుంది. మెల్లగా పలకాలన్నా గట్టిగా పలకాలన్నా వేలే చూసుకోవాలి. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫొరి దాన్ని తయారు చేసినప్పుడు పెట్టిన పేరులోనే 'మెల్లగా, గట్టిగా' అనే అర్థం ఉంది.

చీటీ పాడితే చేతికొచ్చినవి 40 వేలు. అంతకు మించి పైసా లేదు.

మొదట నా మనసు అసలు పియానో మీదికే పోయింది. మేముండేది సికింద్రాబాద్ మెట్టుగూడలో. ఇక్కడ, లాలాగూడలో రైల్వేలో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి కాబట్టి, పాత ఇళ్లలో పియానోలు దొరుకుతాయని అందరూ అన్నారు. ఒకచోట దొరికింది కూడా. నల్లటి చెక్క, ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు, 35 వేలు చెప్పారు. చూడగానే తీసేసుకుందామనిపించింది. మా ఆవిడ పట్టుబట్టబట్టి ట్యూనింగ్ చేసే పెద్దాయన్ని వెంట తీసుకెళ్లాం. ఆయన ముందు పలక తీసి, తీగ చుట్టిన పిన్నుకు లీవర్ తగిలించి కొంచెం తిప్పారు. బిగుతుగా కదలాల్సిన పిన్ను, వదులైన కుళాయిలా తిరిగింది. "ఈ చెక్కలో పట్టు పోయింది సార్. ఇవాళ శ్రుతి చేసిస్తా, వారానికి మళ్లీ దిగిపోతుంది" అన్నారు. రెండు వందలకు పైగా తీగలు టన్నుల బరువుతో లాగుతుంటే ఆ పిన్నులే పట్టుకుని నిలబడాలి. సుత్తుల ఫెల్టును కూడా పురుగు తినేసింది. ఆ పిన్నుల చెక్క మార్పించాలంటే కొన్న ధరకంటే ఎక్కువవుతుంది. ఆయనకిచ్చిన ఐదు వందలు మాకు ముప్పై అయిదు వేలు మిగిల్చాయి.

ఇక డిజిటల్ పియానోలు, అంటే తీగల్లేకుండా కరెంటుతో పలికేవి. షాపులో మాకు వందల టోన్లు (రకరకాల వాయిద్యాల ధ్వనులు), రిథమ్‌లు ఉన్నవే చూపించారు. యమహా పి-45లో టోన్లు పదే. కానీ 88 మెట్లు, ఎడమ వైపు బరువుగా ఉండి కుడికి వెళ్లేకొద్దీ తేలికవుతాయి. ఇందులో డబ్బంతా ఆ బరువుకే పెట్టారు. రోలాండ్ ఎఫ్‌పి-10 మెట్లు పాపకు ఇంకా నచ్చాయి గానీ అది మా లెక్కకు అందలేదు. నా మాట వినేవాళ్లుంటే ఒక్కటే చెప్తాను: పిల్లల్ని వెంట తీసుకెళ్లండి, వీలైనంత మెల్లగా వాయించమనండి. గట్టిగా ఏదైనా పలుకుతుంది. మెల్లగా పలికించినప్పుడే తేడా తెలుస్తుంది.

కొత్తది కొంటే స్టాండుకీ కాలితో నొక్కే పెడల్‌కీ మిగలదని సెకండ్ హ్యాండ్ పి-45 వెతికాం. మొదటిదాంట్లో 88 మెట్లూ ఒక్కొక్కటే మెల్లగా నొక్కుతూ వచ్చాను. మధ్యలో ఒకటి ఎంత మెల్లగా నొక్కినా గట్టిగా అరిచింది. లోపలి కాంటాక్టుల్లో దుమ్ము చేరితే అలా అవుతుందట. వదిలేశాం. రెండోది అమెరికా వెళ్లిపోతున్న వాళ్లది, 26 వేలు. అన్ని మెట్లూ బాగున్నాయి, హెడ్‌ఫోన్ జాక్, పెడల్ జాక్, అడాప్టర్ చూసుకున్నాం. పదకొండున్నర కిలోలే కాబట్టి ఆటోలోనే తెచ్చుకున్నాం.

మడిచే స్టాండు మీద పెడితే ఊగింది. మా వీధి వడ్రంగి చేత టేకు కాళ్లతో బల్ల చేయించాం. టీచర్ గారింట్లో నేల నుంచి మెట్ల దాకా టేపుతో కొలిచి, ఆ ఎత్తుకే కోయించాను. 4,500 అయింది. జారిపోని బరువు పెడల్ ఇంకో 2,200.

పోయిన నెల నాన్న వచ్చారు. కూర్చుని కుడి చేత్తో ఒక పద్యం ఎత్తుగడ వాయించారు. ఎడమ చెయ్యి అలవాటుగా వెనక్కి వెళ్లి తిత్తి కోసం తడిమింది. పాప ఆ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కింది స్థాయి షడ్జం మీద పెట్టింది. "ఇది పట్టుకో తాతయ్యా, పైన నేను వాయిస్తా" అంది.