మా హీబ్రూ బడిలో ఇజ్రాయెల్

న్యూజెర్సీలో మా సినగాగు (యూదుల ప్రార్థనామందిరం) నడిపిన హీబ్రూ బడి ఆదివారం ఉదయాల్లోనూ, వారం మధ్యలో మామూలు బడి వదిలాక ఒక సాయంత్రమూ జరిగేది. అక్షరాలు, ప్రార్థనలు, పండుగలు నేర్పడమే దాని ముఖ్యోద్దేశమైనా, 1980లలో అక్కడ చదివిన మా మనసుల్లో అన్నిటికంటే గట్టిగా నాటుకున్నది ఇజ్రాయెల్. అయితే దాన్ని పాఠంగా కూర్చోబెట్టి చెప్పినది తక్కువే.

తరగతి గుమ్మం పక్కన యూదు జాతీయ నిధి వారి నీలిరంగు రేకు డబ్బా ఉండేది. 1901లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో, యూదులకు సొంత దేశం కోరిన జియోనిస్టుల మహాసభలో ఏర్పడిన ఆ నిధి, భూమి కొనడానికీ, అడవులు పెంచడానికీ దేశదేశాల పిల్లల చేత ఇలాగే చిల్లర వేయించింది. నాణెం వేసినప్పుడల్లా మాకొక కాగితపు ఆకు దక్కేది. అట్ట మీది చెట్టుకు ఆకులన్నీ అంటించాక మన పేర మొక్క నాటినట్టు ధ్రువపత్రం వచ్చేది. చెట్ల పండుగ తు బిష్వాత్ చలికాలంలో వస్తుంది కనుక, బయట మంచు కురుస్తుండగా అక్కడ బాదంచెట్లు పూస్తున్నాయని పాడుకుంటూ, పళ్లు ఊడతాయేమో అన్నంత గట్టి కేరబ్ కాయలు (అక్కడి ఒక చెట్టు తియ్యని కాయలు) కొరికేవాళ్లం.

మా అమ్మ యూదు, నాన్నగారిది తెనాలి. ఇంట్లో తెనాలి అంటే మనుషులు: పెళ్లి కుదరని బాబాయి, పొలం గట్టు తగాదాలు, ఉత్తరాల్లో అత్తయ్యల అలకలు. బడి చూపిన దేశంలో చెట్లు, పాట, జెండా ఉన్నాయి గాని, అలిగే మనుషులు లేరు. అరబ్బుల మాట అసలే లేదు. గోడ మీది పటంలో ఇజ్రాయెల్‌కూ పొరుగు అరబ్బు దేశాలకూ మధ్య 1949లో కుదిరిన యుద్ధవిరమణ రేఖ కూడా కనిపించేది కాదు.

బార్ మిత్వా, బాత్ మిత్వాలు (పన్నెండు, పదమూడేళ్ల వయసులో మగపిల్లలకూ ఆడపిల్లలకూ జరిపే యూదు వేడుకలు) దాటిన పిల్లల తరగతికి ఇజ్రాయెల్‌లోని హైఫాలో పెరిగిన ఒక ఉపాధ్యాయురాలు వచ్చారు. ఆవిడ ఆ పటం మీద పెన్సిలుతో రేఖ గీసి, 1948కి ముందు తమ వీధిలో ఉండిన అరబ్బు కుటుంబాలు మళ్లీ తమ ఇళ్లకు చేరలేకపోయాయని చెప్పారు. ఫలాఫెల్ (శనగల వడలు) తింటూ మేము ఇజ్రాయెల్ స్వాతంత్ర్యంగా పండుగ చేసుకున్న ఆ 1948నే పాలస్తీనీయులు నక్బా అని, అంటే మహావిపత్తు అని తలచుకుంటారని అప్పుడే తెలిసింది. కొందరు తల్లిదండ్రులు అభ్యంతరపెట్టారు. మాకు మాత్రం ఆ దేశం మీద ప్రేమ తగ్గలేదు గాని, ప్రశ్నలు మొదలయ్యాయి.

మన బడి పాఠ్యప్రణాళికను మళ్లీ రాసేవారికి నా మనవి ఒకటే: డబ్బానూ చెట్లనూ అలాగే ఉంచండి గాని, ఆవిడ చెప్పిన ఆ రేఖ పాఠాన్ని పదమూడేళ్లు నిండేదాకా ఆపకండి. బార్ మిత్వా, బాత్ మిత్వా వేడుక అవగానే చాలామంది పిల్లలు బడి మానేస్తారు. నాతో ఆకులు అంటించిన వారిలో ఎక్కువమంది ఆ పెన్సిలు రేఖను చూడనే లేదు.