నిలబడితే బోర్డు, కూర్చుంటే కయాక్ అన్నారు, రెండు రోజులు నీళ్ళ మీద ఉంటే గానీ అసలు సంగతి తెలియలేదు

గాలి కొట్టుకునే ప్యాడిల్ బోర్డు (నీళ్ళ మీద నిలబడి తెడ్డేసుకుంటూ పోయే పలక) ఒకటి కొందామని రెండు నెలలుగా చదువుతూనే ఉన్నా, అందులోనూ సీటు తగిలిస్తే కయాక్, అంటే కూర్చుని తెడ్డేసే సన్నటి పడవ, అయిపోయే రకం కావాలి నాకు, పొద్దున నిలబడి తిరగొచ్చు కాళ్ళు లాగితే కూర్చుని తిరగొచ్చు అని. పొడవు ఎంత వెడల్పు ఎంత అని రోజుకో మోడల్ నచ్చడం, రాత్రికి మళ్ళీ ఇంకోటి బాగుందనిపించడం. మా బావ విసిగిపోయి "కాగితం మీద ఎన్నాళ్ళు తొక్కుతావు బోర్డు, నా దగ్గర ఒకటుంది మా ఫ్రెండ్ దగ్గర ఒకటుంది, రెండ్రోజులు నీళ్ళ మీదకి పోదాం పద" అన్నాడు. అలా బయల్దేరాం ముగ్గురం, రెండు బోర్డులు, ఒక రిజర్వాయర్, మధ్యలో చిన్న దీవి, ఆ రాత్రి అక్కడే టెంటు.

బావది 11 అడుగుల 6 అంగుళాల పొడవు, 32 అంగుళాల వెడల్పు. ఫ్రెండ్‌ది 10 అడుగుల 6 అంగుళాలు, కానీ వెడల్పు 34. రెండూ 6 అంగుళాల మందం. కాగితం మీద వెడల్పులో ఈ రెండంగుళాల తేడా చూసి నేను నవ్వుకున్నా, సాయంత్రానికి ఆ నవ్వు పోయింది లెండి.

ఒడ్డున ముందు పంపు పని. ఇది ఎవరూ సరిగ్గా చెప్పరు. మొదట్లో పంపు పైకి లాగినా కిందికి నొక్కినా గాలి లోపలికి పోతుంది, పిల్లల ఆటలా ఉంటుంది, గేజ్ ముల్లు మాత్రం సున్నా దగ్గరే పడుకుని ఉంటుంది, పంపు పాడైందేమో అని నేను రెండుసార్లు పైపు పీకి చూశా. 7, 8 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటాక అసలు కథ మొదలు, అప్పుడు పంపుని కిందికి నొక్కితేనే గాలి పోయేలా మార్చుకోవాలి, చేతులతో కాదు ఒంటి బరువంతా వేసి నొక్కాలి. 15 దాకా కొట్టమని బోర్డు మీదే రాసుంది, నేను 10 దగ్గర చేతులెత్తేశా, "గట్టిగానే ఉంది కదా, చాల్లే" అని.

చాలదు. ఈ బోర్డు లోపల పై పొరకీ కింది పొరకీ మధ్య వేల దారాలు కుట్టి ఉంటాయి, మన బొంతలో కుట్టు పోసినట్టు, అందుకే ఎంత గాలి కొట్టినా బెలూన్‌లా ఉబ్బకుండా పలకలా నిలబడుతుంది. కానీ ఆ దారాలు బిగుసుకోవాలంటే లోపల ఒత్తిడి ఉండాలి. 10 కొట్టిన బోర్డు మీద నేను మధ్యలో నిలబడితే రెండు కొసలూ పైకి లేచి నడుము దగ్గర కుంగింది, నులకమంచం మీద నిలబడినట్టు. బావ మాట్లాడకుండా ఒడ్డుకి లాక్కొచ్చి మళ్ళీ పంపు నా చేతిలో పెట్టాడు. అప్పుడే అనుకున్నా, కొనేటప్పుడు 15 పీఎస్ఐ తట్టుకునే బోర్డు తీసుకోవాలి, కార్ సాకెట్‌కి పెట్టుకునే 12 వోల్టుల ఎలక్ట్రిక్ పంపు కూడా లెక్కలో వేసుకోవాలి అని. చేతి పంపు మాత్రం వదలకూడదు, దీవి మీద కారుండదు కదా.

పొద్దున ఆరింటికి నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నిలబడి వెళ్ళడంలో ఉన్న హాయి నేను చెప్పలేను, అడుగున నాచు కనిపిస్తోంది, చేపలు పక్కకి తప్పుకోవడం కనిపిస్తోంది, ఎత్తులో ఉంటాం కాబట్టి నీళ్ళలోకి చూపు పోతుంది. ఒక అరగంట తర్వాత బావ వెనకనించి "ఒరేయ్ తెడ్డు తిరగేసి పట్టుకున్నావు" అన్నాడు, బ్లేడ్ వంపు ముందుకి ఉండాలట, నేను గరిటెలా నా వైపు తిప్పుకుని తవ్వుతున్నా అప్పటిదాకా. 34 వెడల్పు బోర్డు మీద ఉన్నా కాబట్టి పడలేదు, అది నిజంగా గట్టు మీద నిలబడ్డట్టే ఉంది.

పదకొండు తర్వాత గాలి మొదలైంది, అదీ ఎదురుగాలి. నిలబడితే మనిషే తెరచాప అయిపోతాడు, ఎంత లాగినా పక్కనున్న బండరాయి పక్కనే ఉంది. సరే ఇందుకే కదా కయాక్ అన్నది అని ఒక ఇసుక మేట దగ్గర ఆగి సీట్లు కట్టుకున్నాం. నాలుగు పట్టీలు, వాటిని తగిలించడానికి బోర్డు మీద నాలుగు డీ రింగులు, రెండు ముందు రెండు వెనక, క్లిప్పులు పెట్టడం రెండు నిమిషాల పని. తెడ్డు పైనుండే పిడి పీకేసి అక్కడ రెండో బ్లేడ్ పెడితే రెండు వైపుల తెడ్డు తయార్. బొమ్మల్లో చూపించినట్టే జరిగింది ఇంతవరకు.

కూర్చుని లాగడం మొదలెట్టాక ఒక్కొక్కటీ బయటపడింది. మొదటిది, కాళ్ళకి తన్నుకోడానికి ఏమీ లేదు. కయాక్‌లో బలం చేతుల్లోంచి రాదండీ, పాదాలు గట్టిగా ఆనించి నడుము తిప్పితే వస్తుంది. ఫ్రెండ్ బోర్డుకి పాదాల దగ్గర ఏ పట్టీ లేదు, ప్రతి లాగుకీ నేను సీట్లోంచి ముందుకి జారడం, మళ్ళీ వెనక్కి జరుక్కోవడం, గంటలో నడుము పట్టేసింది. రెండోది, వెనక రింగులు మరీ తోక వైపుకి అతికించారు, సీటు అక్కడికి లాగేస్తోంది, దాంతో తోక మునిగి ముక్కు పైకి లేచి గాలికి అటూ ఇటూ తిరిగిపోతోంది. సీటు బోర్డు మధ్యలో మోసే పిడి ఉంటుంది చూశారా, దాని చుట్టుపక్కల ఉండాలి. మూడోది, ఆ 34 వెడల్పు. పొద్దున గట్టులా అనిపించిందే ఇప్పుడు అడ్డం, తెడ్డు పొట్టిదైపోయి వేళ్ళ కణుపులు బోర్డు అంచుకి రాసుకుని ఎర్రబడ్డాయి. ఇంత వెడల్పుకి 230 సెంటీమీటర్లకి తక్కువ తెడ్డు పనికిరాదని నా చేతులే చెప్పాయి. పైగా తెడ్డు ఎత్తినప్పుడల్లా నీళ్ళు కర్ర వెంట జారి ఒళ్ళోకి, అలలొస్తే అటునించి కూడా, ఎందుకంటే కూర్చునేది కయాక్ లోపల కాదు కదా 6 అంగుళాల పలక పైన. తడవకుండా కూర్చోవాలనుకునేవాళ్ళు దీని జోలికి రావద్దు, విడిగా గాలి కయాకే కొనుక్కోండి.

పక్కనే బావ నింపాదిగా వెళ్తున్నాడు. ఆయన బోర్డుకి పాదాల దగ్గర అడ్డంగా చిన్న రోలర్‌లాంటిది ముందు రింగులకి పట్టీతో కట్టి ఉంది, అంతే తేడా. ఒక్క ఆ ముక్క కోసం నేను ఆ రోజు ఆయన బోర్డు దొంగిలించేవాణ్ణే.

ఇంకొక పిచ్చి పని కూడా చేశా. గాలి కాస్త తగ్గిందని నడి నీళ్ళలో సీటు తీయకుండానే లేచి నిలబడదామని చూశా, సీటు వీపు భాగం మడమకి తగిలి వెనక్కి వెళ్ళి పడ్డా. కాలికి లీష్ (కాలినీ బోర్డునీ కలిపే తాడు) ఉంది, లైఫ్ జాకెట్ ఉంది, బోర్డు రెండడుగుల దూరంలోనే ఆగింది, తెడ్డు మాత్రం తేలుతూ పోతుంటే ఫ్రెండ్ ఈదుకుంటూ వెళ్ళి తెచ్చాడు. అది తేలేది కాబట్టి సరిపోయింది, మునిగేదైతే చేతులతో తోసుకుంటూ రావాల్సిందే. మోకాళ్ళ మీద కూర్చుని సీటు వీపు ముందుకి మడిచి అప్పుడు లేవాలట, వంద మాటలెందుకు, ఒడ్డుకొచ్చి మార్చుకోవడమే మేలు. "ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు" అన్నది అట్టపెట్టె మీద మాట.

దీవి మీద దిగాక బోర్డులు ఇసుక మీద వదిలేసి నీడకి పోతుంటే బావ ఆపి రెండింట్లోనూ కొంచెం గాలి తీసేశాడు. నేను అనవసరం అనుకున్నా, తర్వాత లెక్కేస్తే 20 డిగ్రీల దగ్గర 15 కొట్టిన బోర్డు ఎండలో 50 డిగ్రీలకి కాగితే 18 దాకా పోతుంది, అతుకులు విడిపోయేది అలాగేనట. మళ్ళీ నీళ్ళలోకి దింపాక చల్లబడి మెత్తబడింది, మళ్ళీ పంపు. ఈసారి నేనే కొట్టా, పూర్తిగా.

రెండో రోజు బోర్డులు మార్చుకున్నాం. పొడుగు బోర్డు కూర్చుని లాగితే బాణంలా పోతోంది, నిలబడితే మాత్రం నాకు మోకాళ్ళు వణికాయి మొదటి పావుగంట. ఒడ్డు దగ్గర లోతు తగ్గడం చూసుకోకుండా నిలబడే వచ్చేశా, కింద ఫిన్ (బోర్డు తిన్నగా పోవడానికి అడుగున ఉండే రెక్క) ఇసుకలో దిగబడి బోర్డు టక్కున ఆగింది, నేను ఆగలేదు. ఫిన్ స్క్రూ కూడా ఎక్కడో పడిపోయింది, కానీ ఫిన్ బిగించే ఆ గాడి మామూలుగా అన్ని చోట్లా దొరికే రకం కాబట్టి బావ డబ్బాలోంచి ఇంకోటి తీసి బిగించాడు. ఫ్రెండ్ బోర్డుది ఆ కంపెనీ ఫిన్ తప్ప ఇంకోటి పట్టదు, అది పోతే బోర్డు పక్కన పెట్టుకోవడమే.

తిరుగు దారిలో కార్లో కూర్చుని నా లిస్టు మొత్తం కొట్టేశా. అప్పటిదాకా రంగు, బ్యాగు, ఫ్రీగా ఏమేం ఇస్తున్నారు అని చూసినవాణ్ణి, ఈసారి ప్రతి బోర్డు ఫోటో పెద్దది చేసి రింగులు ఎక్కడున్నాయో లెక్కపెట్టా. ఆలోచిస్తే నేను నిలబడేది పొద్దున రెండు గంటలు, మిగతా రోజంతా కూర్చునే ఉంటా, అంటే నాకు కావాల్సింది కూర్చోడానికి పనికొచ్చి అప్పుడప్పుడు నిలబడనిచ్చేది. చివరికి 11 అడుగుల పొడవు, 32 వెడల్పు, పాదాల రోలర్‌తో వచ్చేది, మామూలు ఫిన్ గాడి ఉన్నది తీసుకున్నా. బావకి చెప్తే "మరి రంగు?" అన్నాడు. లేత రంగే బావా, ఎండకి.

వచ్చిన రోజు హాల్లోనే గాలి కొట్టి, సోఫా జరిపి, సీటు కట్టి, తెడ్డు పట్టుకుని కూర్చున్నా. పాదాలు రోలర్‌కి ఆనాయి, మోకాళ్ళు కాస్త వంగి ఉన్నాయి, సీటు పిడి దగ్గరే ఆగింది. తెడ్డు మాత్రం గోడకి తగిలి ఫోటో ఫ్రేమ్ ఒకటి కింద పడింది.