స్టేజికో శ్వాస: పల్లెవెలుగు బస్సులో నా అనుభవం

నేను పల్లెవెలుగు బస్సులో కండక్టర్ని. మా ఊరు నల్లగొండ పక్కనే. ఎక్కువగా దేవరకొండ రూటు పడుతుంది. కనగల్, గుర్రంపోడు, కొండమల్లేపల్లి మీదుగా పోతాం. మైండ్‌ఫుల్‌నెస్ గురించి, అంటే ఇప్పుడు జరుగుతున్నదాని మీదే ధ్యాస పెట్టడం గురించి రాసేవాళ్లలో చాలామంది పొద్దుగాల లేచి, ప్రశాంతమైన చోట వెన్ను నిటారుగా పెట్టి కూర్చోమంటారు. ఫస్ట్ బస్సు డ్యూటీ ఉన్నరోజు ఆ వేళకు నేను డిపోలో టికెట్ మిషను, క్యాష్ బ్యాగు తీసుకునే లైన్లో ఉంటా. ఇక ప్రశాంతమైన చోటంటే మా ఇంట్లో బాత్రూమ్ ఒక్కటే. అదీ ఎవరో ఒకరు తలుపు కొట్టేదాకా. అందుకని కూర్చునే సంగతి పక్కనపెట్టి, నిలబడి, టికెట్లు కొడుతూ నేను ఏం నేర్చుకున్నానో చెప్తా.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. నేను దాన్ని తప్పుపట్టను. పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లకు, దవాఖానకు పోయే అవ్వలకు చేతిలో నాలుగు పైసలు మిగులుతున్నయి. వాళ్లలో మా అమ్మ కూడా ఉంది. కాకపోతే ఉచితమైనా జీరో టికెట్ కొట్టాలి, కార్డు చూడాలి. స్టేజి దాటేలోపు బస్సులో ఉన్న ప్రతి మనిషి చేతిలో టికెట్ ఉండాలి. ఒక చేతిలో మిషను, ఒక చేత్తో కడ్డీ, భుజానికి బ్యాగు. కాళ్ల మధ్య ఎవరిదో కూరగాయల మూట. "బిడ్డా, ఆధార్ ఇంట్ల మర్చిపోయిన" అని ఒక అవ్వ. "మేడం, ఫోన్ పే పోతలేదు" అని ఒక పిల్లగాడు. చిన్న టికెట్‌కు ఐదొందల నోటు తీసే పెద్దమనిషి ఎట్లాగూ ఉంటాడు.

ఇదంతా పొట్టకూటి పని, దాని గురించి ఏడ్వడానికేం లేదు. కానీ ఒంట్లో తేడా తెలిసింది. దవడలు నొప్పి పెట్టేవి. నిద్రలో పళ్లు కొరుకుతున్నానని మా ఆయన చెప్పాడు. ఇంటికొచ్చినంక పిల్లలు ఒక్క మాట రెండోసారి అడిగితే చాలు, బస్సులో అరిచినట్టే అరిచేదాన్ని. బీపీ చూపిస్తే ఎక్కువే వచ్చింది. డాక్టరమ్మ మాత్ర రాసింది, పచ్చడి తగ్గించమంది, టెన్షన్ పెట్టుకోవద్దంది. ఆ మూడో దానికి చీటీ మీద ఏం రాయలేదు.

దారి చూపింది ఒక ప్రయాణికుడు. రిటైరైన టీచరు. వారానికోసారి కొండమల్లేపల్లిలో దిగి సాగర్ బస్సు ఎక్కేవాడు. నాగార్జునసాగర్ హిల్ కాలనీలో విపశ్యన అనే ధ్యానం నేర్పే కేంద్రం ఉంది, ధమ్మ నాగజ్జున అంటారు. సార్ అక్కడ సేవకు పోయేవాడు. బర్మాలో పుట్టి పెరిగిన గోయెంకా 1969లో మన దేశంలో నేర్పడం మొదలుపెట్టిన పద్ధతి అది. పది రోజులు అక్కడే ఉండాలి. పొద్దున 4 గంటలకు గంట కొడతారు. మాట్లాడొద్దు, ఫోను ఇచ్చేయాలి. ఫీజు లేదు, ముందు కోర్సు చేసినవాళ్లు ఇచ్చే దానంతో నడుస్తుంది. పది రోజులు ఎవ్వరితో మాట్లాడకుండా ఉండొచ్చంటే నాకు నోరూరింది గానీ, పిల్లల్ని, అత్తమ్మను వదిలి అన్ని రోజులు పోయే పరిస్థితి లేదు.

"అసలు విపశ్యన కోర్సులోనే నేర్చుకోవాలమ్మా. దానికి ముందు నేర్పే ఆనాపాన మాత్రం ఎవరైనా రోజూ కాసేపు చేసుకోవచ్చు" అన్నాడు సార్. ముక్కు దగ్గర గాలి లోపలికి పోతున్నది, బయటికి వస్తున్నది. అది చూస్తుండాలి, అంతే. ప్రాణాయామంలో లాగా బిగపట్టుడు, లెక్కపెట్టుడు లేదు. పొడుగ్గా వస్తే పొడుగ్గా, పొట్టిగా వస్తే పొట్టిగా. మనసు ఎటో పోతుంది. పోయిందని తెలియగానే తిట్టుకోకుండా మళ్లీ ముక్కు దగ్గరికి తెచ్చుకోవాలి.

వినడానికి సులువే. ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుంటే కూర్చున్నట్టే నిద్రపోయేదాన్ని. పడుకుని పాదాల నుంచి తల దాకా ఒక్కో భాగాన్ని గమనిస్తూ వచ్చే పద్ధతి కూడా చేసి చూశా. మోకాళ్ల దాకా వచ్చేసరికి గురక. ధ్యానంగా అది ఫెయిలే గానీ, నిద్ర మందుగా మాత్రం నంబర్ వన్. ఇప్పటికీ రాత్రిళ్లు వాడుతున్నా.

అప్పుడు ఫోనులో వెతికితే అమెరికా సంగతి తెలిసింది. జాన్ కబాట్-జిన్ అనే ఆయన 1979లో మసాచుసెట్స్‌లో ఒక వైద్య కళాశాలలో కొన్ని వారాల తరగతులు మొదలుపెట్టాడు. మందులతో తగ్గని నొప్పులున్న రోగులను డాక్టర్లు ఆయన దగ్గరికి పంపేవాళ్లు. మూలం మన బౌద్ధమే. దాన్ని పూజ, మతం లేకుండా దవాఖానలోకి తీసుకుపోయాడు. ఆ తరగతుల్లో ఒక్క ఎండుద్రాక్షను చూసి, వాసన చూసి, నిదానంగా నమిలి తినిపిస్తారట. నాకు నవ్వొచ్చింది. మా దేవరకొండ బస్సుకు ఆ ఎండుద్రాక్ష ఎందుకు, సీతాఫలాల కాలంలో గంపలకు గంపలు ఎక్కుతయి. సీతాఫలం పరధ్యానంగా తిని చూడండి, గింజ పంటి కింద పడుతుంది. కొండమల్లేపల్లిలో బస్సు ఆగినప్పుడు ఒక అవ్వ ఇచ్చిన పండును ఫోను చూడకుండా, మాట్లాడకుండా తిన్నా. తిండిని తిండిగా తిని ఎన్నాళ్లయిందో అప్పుడు తెలిసింది. అప్పటిదాకా నా టిఫిన్ బాక్సు ఖాళీ అయ్యేది గానీ, అందులో ఏం కూర తిన్నానో మాపటికి గుర్తుండేది కాదు.

అక్కడి నుంచి ఆలోచన మళ్లింది. ధ్యానానికి వేరే టైము లేదు సరే, డ్యూటీలోనే నేను తప్పకుండా చేసే పని ఏముంది? స్టేజి మార్చడం. ఊరు దాటగానే మిషనులో స్టేజి మార్చకపోతే తర్వాతి టికెట్ తప్పొస్తుంది కాబట్టి అది ఎంత రద్దీలోనూ మర్చిపోను. ఆ బటన్‌కు ముడిపెట్టుకున్నా. బటన్ నొక్కే ముందు ఒక్క ఊపిరి పూర్తిగా, నిదానంగా విడవాలి. విడిచేటప్పుడు రెండు పాదాలు బస్సు ఫ్లోరును ఎట్లా తాకుతున్నాయో చూడాలి. దవడ బిగిసి ఉంటే వదలాలి. ఆ తర్వాత బటన్. ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు గుండె కొంచెం వేగంగా, బయటికి వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. వదలడం నిదానమైతే ఒళ్లు సర్దుకోవడం మొదలుపెడుతుంది. ఊపిరిని నేను కావాలని నిదానం చేస్తున్నా కాబట్టి ఇది ఆనాపాన అంటే సార్ ఒప్పుకోడు. ఒప్పుకోకపోయినా సరే, నిండు బస్సులో నాకు ఇదే కుదిరింది.

మొదట్లో జరిగింది చెప్తే ఎవరూ చేయరేమో. ప్రశాంతత రాలేదు, చిరాకు కనపడింది. ఎన్నిసార్లు దవడ బిగిస్తున్నా, "అక్కా" అని పిలవగానే ఎట్లా ఉలిక్కిపడుతున్నా, బ్యాగు పట్టీ ఎడమ భుజాన్ని ఎంత కోస్తున్నదీ అన్నీ ఒక్కసారే తెలిశాయి. అంతకుముందు కూడా ఉన్నవే, సోయి లేదు. ఆ పట్టీని రెండు భుజాలకూ మార్చుకుంటూ వేసుకోవాలన్న చిన్న తెలివి కూడా అప్పుడే వచ్చింది.

గుర్రంపోడు దాటాక ఒకరోజు ఒకాయన ఐదొందల నోటిచ్చాడు. చిల్లర లేదు, టికెట్ వెనక రాసిచ్చా. "ఆడోళ్లకేమో ఫ్రీ. మాకేమో సీటు లేదు, చిల్లర లేదు. అంత మీరే తినుర్రి" అని బస్సంతా వినేట్టు అన్నాడు. చెవులు వేడెక్కాయి. మిషను మీద వేళ్లు బిగిశాయి. ఊపిరి ఛాతీ పైనే ఆగిపోయింది. ఇదివరకైతే ఈ మూడూ నాకు తెలియకముందే నోరు లేచేది. ఆరోజు స్టేజి రాలేదు, బటన్ లేదు, అయినా ఊపిరి దానంతటదే బయటికి పోయింది. "అన్నా, కొండమల్లేపల్లి దాకా టికెట్లు కొట్టంగ వచ్చే చిల్లర నీకే ముందు ఇస్తా. మళ్ల తినుడు గినుడు అంటే బాగుండదు" అన్నా. ఆయన గొణుగుతూనే ఉన్నాడు, మారిపోయి దండం పెట్టిందేం లేదు. దిగేటప్పుడు లెక్కపెట్టి ఇచ్చా, తీసుకుని పోయాడు. తేడా నాలోనే ఉంది. పాత లెక్క ప్రకారం ఆ మనిషి దేవరకొండ దాకా, అక్కడి నుంచి మా ఇంటిదాకా నాతోనే రావాలి. ఆరోజు కొండమల్లేపల్లిలోనే దిగాడు. తిట్టాల్సి వస్తే ఇప్పటికీ తిడతా. కండక్టర్‌కు గొంతు లేకపోతే బస్సు నడవదు. కాకపోతే ఒకరి మీది కోపం ఇంకొకరి మీద తీయడం తగ్గింది. ఆ సంగతి ముందు కనిపెట్టింది మా చిన్నది.

మా డ్రైవరన్నకు చెప్తే, "నాకు అవసరం లేదు చెల్లె, స్టీరింగు పట్టుకుంటే నాకు వేరే సోయి ఉండది" అన్నాడు. ఆయన బండి నడిపేది చూస్తే నిజమే అనిపిస్తుంది. ఇంకో కండక్టర్ అక్క మాత్రం గట్టిగానే అడిగింది: "ఇంకో నాలుగు బస్సులు ఎక్కువేస్తే ఈ ఊపిరి ముచ్చట ఎందుకే?" ఆమె మాట కాదనలేను. రద్దీని ఊపిరి తగ్గించదు. రద్దీ తగ్గాలని అడగాల్సిన చోట అడగాలి, యూనియన్ మీటింగులో నేనూ అడిగా. అది తేలేదాకా నా దవడలు నేనే చూసుకోవాలి కదా.

ఇంకో మాట. నేను బీపీ మాత్ర ఆపలేదు. ఇది మందుకు బదులు కాదు. కొందరికి కళ్లు మూసుకుని ఊపిరి చూస్తే బుగులు ఇంకా పెరుగుతుంది. అట్లాంటివాళ్లు కళ్లు తెరిచే ఉంచి, పాదాల మీదనో ఇంజను చప్పుడు మీదనో ధ్యాస పెట్టడం మేలు. రోజుల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలని లేదనిపించినా ఇట్లాంటి చిట్కాలతో కాలయాపన చేయొద్దు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే టెలి మానస్ నంబరు 14416 ఉంది. ప్రభుత్వానిదే, ఖర్చు లేదు, ఏ వేళకైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఈమధ్య డ్యూటీలో కొత్తగా చేరిన అమ్మాయి, "అక్కా, ఏ యాప్ వాడుతున్నవు?" అని అడిగింది. యాప్ లేదన్నా. ముందు పొద్దున తినకుండా బస్సెక్కొద్దన్నా. టాయిలెట్‌కు భయపడి నీళ్లు తాగడం మానేస్తారు మా ఆడ కండక్టర్లు చాలామంది. దాంతో మధ్యాహ్నానికి తలనొప్పి, తలనొప్పితో కోపం. రూటులో ఏ బస్టాండులో టాయిలెట్ బాగుంటుందో చెప్పి, బాటిల్ నింపుకొమ్మన్నా. ఊపిరి సంగతి ఆ తర్వాత. అది కూడా నల్లగొండ బస్టాండు రద్దీలో మొదలుపెట్టొద్దు, కనగల్ దాటి టికెట్లన్నీ అయ్యాక మొదలుపెట్టమన్నా.