ఆప్ట్ పిన్నింగ్ ప్రిపరేషన్: ప్యాటర్న్ దగ్గర మార్కులు ఎందుకు పోతాయి

ఆప్ట్ అంటే డెబియన్, ఉబుంటు లాంటి లినక్స్‌లలో ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే టూల్. ఏ ప్యాకేజీని ఏ రిపాజిటరీ (ప్యాకేజీల నిల్వ) నుంచి, ఏ వెర్షన్‌లో తీసుకోవాలో ప్రయారిటీ నంబర్లతో దానికి చెప్పడమే పిన్నింగ్. లినక్స్ అడ్మిన్ ప్రాక్టికల్ పరీక్షలకు చదివేవాళ్లు చాలామంది ప్రయారిటీ నంబర్లు బట్టీ పట్టి, పిన్నింగ్ అయిపోయిందనుకుంటారు. నంబర్లది ఒక పూట పని. మామూలు రిపాజిటరీకి 500, టార్గెట్ రిలీజ్‌కి (మనం డిఫాల్ట్‌గా ఎంచుకున్న రిలీజ్) 990, కొత్త వెర్షన్లను పాత రిలీజ్‌కు అందించే బ్యాక్‌పోర్ట్స్‌కి 100. మైనస్ ఇస్తే ఆ వెర్షన్ ఇన్‌స్టాల్ కాదు. 1000 గానీ అంతకు పైన గానీ ఇస్తే, ఉన్నదాన్ని తీసి పాత వెర్షన్ పెట్టడానికీ వెనకాడదు. 0 మాత్రం వాడొద్దు.

అసలు చిక్కంతా పిన్ రూల్‌లోని ప్యాకేజ్ లైన్‌లో రాసే ప్యాటర్న్‌తోనే. అక్కడ గ్లోబ్ (* లాంటి గుర్తులతో రాసే పేరు) రాస్తే పేరు మొత్తం దానికి సరిపోవాలి. స్లాష్‌ల మధ్య రాస్తే అది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, పేరులో ఎక్కడ కనిపించినా పట్టేస్తుంది. ఉదాహరణకు పీహెచ్‌పీ 8.2 ని మాత్రమే పిన్ చేయమన్నారనుకోండి. /పీహెచ్‌పీ/ అని రాస్తే పీహెచ్‌పీమైఅడ్మిన్ కూడా వచ్చి పడుతుంది. పీహెచ్‌పీ8.2-* అని రాస్తే హైఫన్ లేని అసలు ప్యాకేజీయే జారిపోతుంది. పీహెచ్‌పీ8.2* అంటే రెండూ దొరుకుతాయి, కానీ లిబ్అపాచీ2-మాడ్-పీహెచ్‌పీ8.2 ఇంకా బయటే ఉంటుంది. దాన్ని అదే లైన్‌లో స్పేస్ ఇచ్చి పక్కన చేర్చాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషనే కావాలంటే ముందు ^ (పేరు మొదలు అనే గుర్తు) పెట్టండి, 8 తర్వాతి చుక్కకు బ్యాక్‌స్లాష్ మర్చిపోకండి.

పోస్ట్‌గ్రెస్‌లోనూ ఇదే తంతు: పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్* రాసి వదిలేస్తే దాని లైబ్రరీ లిబ్‌పీక్యూ5 పాత రిపాజిటరీలోనే ఉండిపోతుంది. పిన్ డిపెండెన్సీలకు దానంతటదే పాకదు. కొత్త వెర్షన్‌కు కొత్త లైబ్రరీ తప్పనిసరైతే ఇన్‌స్టాల్ అక్కడే ఆగిపోతుంది.

ఒంటరి * గ్లోబ్ కిందకి రాదు, అది అన్ని ప్యాకేజీలకూ వర్తించే జనరల్ రూల్. ఒక ప్యాకేజీకి విడిగా రాసిన రూల్ ఉంటే, నంబర్ చిన్నదైనా అదే నెగ్గుతుంది. ప్యాటర్న్ రూల్, పూర్తి పేరుతో రాసిన రూల్ రెండూ ఉంటే ప్యాటర్న్‌ను ముందు రాయమని మాన్యువల్ సలహా. రెండూ ఒకే ప్యాకేజీ మీద పడకుండా రాసుకోవడం ఇంకా మేలు.

పిన్ లైన్‌లో వెర్షన్ ప్యాటర్న్ పనిచేయట్లేదంటే ముందు ఎపాక్ (వెర్షన్ మొదట్లో కోలన్‌తో వచ్చే నంబర్) చూడండి. ఉదాహరణకు డాకర్-సీఈ 20.10 ప్యాకేజీ వెర్షన్ 5:20.10 అని మొదలవుతుంది. 20.10* రాస్తే ఎర్రర్ రాదు, ఏ వెర్షనూ దొరకదు, అంతే. అలాగే పిన్: ఆరిజిన్ అంటే సర్వర్ హోస్ట్ పేరు. పిన్: రిలీజ్ పక్కన వచ్చే ఓ= అంటే రిపాజిటరీ రిలీజ్ ఫైల్‌లో రాసిన ఆరిజిన్. పేర్లు కలిసినా పనులు వేరు.

ఫైల్ విషయానికొస్తే, ఈ రూల్స్ రాసే ప్రిఫరెన్సెస్.డీ డైరెక్టరీలో ఫైల్ పేరుకు ఎక్స్‌టెన్షన్ ఉండకూడదు, ఉంటే .ప్రెఫ్ అయి ఉండాలి. అలవాటు కొద్దీ .కాన్ఫ్ పెడితే ఆప్ట్ దాన్ని పట్టించుకోదు. రికార్డుల (ఒక్కో రూల్ బ్లాక్) మధ్య ఖాళీ లైన్ తప్పనిసరి.

రాశాక ఆప్ట్-క్యాష్ పాలసీ కమాండ్‌ను మూడు పేర్ల మీద నడపండి: ప్యాటర్న్‌లో పడాల్సింది ఒకటి, పడకూడనిది ఒకటి, లైబ్రరీ ఒకటి. క్యాండిడేట్ (ఇన్‌స్టాల్ కాబోయే వెర్షన్) లైన్‌తో సరిపెట్టుకోకుండా, వెర్షన్ టేబుల్‌లో ప్రతి వెర్షన్ పక్కనున్న నంబర్ చదవండి. ఆ తర్వాత ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్‌ను మైనస్ ఎస్‌తో నడిపితే, ఏదీ మార్చకుండానే ఏం మారబోతోందో చూపిస్తుంది.