తాతయ్య నారుకట్ట, మా పెరట్లో ఆపిల్

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు వచ్చేవరకు తాతయ్యతో ఫోనులో మూడే మాటలు. బాగున్నావా, తిన్నావా, సెలవులెప్పుడు. ఆ తాతయ్య, అంటే మా నాన్న, తణుకు దగ్గర పల్లెలో వరి పండిస్తారు. మేం ఇంగ్లండ్‌లో, నాటింగ్‌హామ్‌లో ఉంటాం. దానికి తెలుగు వచ్చు, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. కానీ కలిసి మాట్లాడుకోవడానికి ఒక పనంటూ లేదు. ఆదివారం తెలుగు క్లాసులో చేర్పించినా ఆ లోటు తీరలేదు. ఒక ఆపిల్ మొక్క వల్ల తీరింది.

ఇక్కడ నవంబరు నుంచి మార్చి దాకా, చెట్లు ఆకు రాల్చి నిద్రలో ఉన్నప్పుడు, నర్సరీలవాళ్లు మొక్కల్ని తవ్వి తీసి, మట్టి దులిపేసి, వేళ్లతో అలాగే అమ్ముతారు. బేర్ రూట్ అంటారు. కుండీ మొక్కకంటే చవక, బరువు తక్కువ, పోస్టులోనే ఇంటికి వచ్చేస్తుంది. "వట్టి వేళ్లతో పంపుతారమ్మా" అంటే మా అమ్మ, కుండలో వేసుకునే వట్టివేళ్లు అనుకుని అక్కడ కూడా దొరుకుతాయా అని సంబరపడింది.

మొదటి ఏడాది తప్పు చేశాను. పార్సిల్ విప్పి, వాన పడుతోందని మొక్కని గరాజ్‌లో వదిలేసి, పది రోజుల తర్వాత నాటాను. వేళ్లు అప్పటికే ఎండిపోయాయి. ఏప్రిల్ వెళ్లిపోతున్నా మొగ్గ విచ్చలేదు. గోటితో బెరడు గీరి చూస్తే లోపల పచ్చదనం లేదు. మా అమ్మాయి మాత్రం మే నెలంతా చిన్న మగ్గుతో నీళ్లు పోస్తూనే ఉంది. ఆపమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మరుసటి జనవరిలో ఇంకో మొక్క తెప్పించాం. ఈసారి శనివారం పొద్దున నాన్నకి వీడియో కాల్ చేసి ఆయన ముందే పార్సిల్ విప్పాం. అక్కడ సాయంత్రం కావస్తోంది, దాళ్వా ఊడ్పులు జరుగుతున్నాయి, ఆయన చేలోనే ఉన్నారు. గోధుమ రంగు వేళ్లు చూడగానే "ఇది నారే కదమ్మా!" అన్నారు. గట్టు మీద ఉన్న నారుకట్ట ఒకటి తీసి ఫోను ముందు పెట్టారు. నారుమడిలోంచి పీకి, వేళ్లకున్న బురద నీళ్లలో కడిగి, కట్ట కట్టిన వరినారు. అమ్మాయి తన మొక్కని పట్టుకుంది, తాతయ్య తన కట్టని పట్టుకున్నారు. ఇద్దరూ వేళ్లు చూపించుకుంటూ పావుగంట మాట్లాడుకున్నారు. నేను పక్కన నిలబడి విన్నాను.

"నారు పీకాక ఎండకీ గాలికీ పెట్టకూడదు బంగారం. వేరు తడి ఆరితే అది చచ్చినట్టే" అన్నారాయన. పోయినసారి ఏం జరిగిందో అప్పుడు దానికి అర్థమైంది. వెంటనే వెళ్లి బకెట్లో నీళ్లు పట్టి వేళ్లు ముంచింది. గంటసేపు నానాక నాటాం. ఆ రోజు నాటడం కుదరకపోతే పక్కన గాడి తీసి, మొక్కని వాలుగా పడుకోబెట్టి, వేళ్లని మట్టితో కప్పితే కొన్నాళ్లు ఆగుతుంది. నేల గడ్డకట్టినా, నీళ్లు నిలిచినా మాత్రం నాటకూడదు.

గొయ్యి వెడల్పుగా తీశాం, లోతు వేళ్లకి సరిపడా మాత్రమే. నర్సరీలో మట్టి ఎక్కడిదాకా ఉండేదో కాండం మీద మచ్చ కనిపిస్తుంది, అంతవరకే పూడ్చాలి. అంటు కట్టిన కణుపు మట్టి పైనే ఉండాలి. చుట్టూ పాదు చెయ్యమన్నారు నాన్న. ఇక్కడే అమ్మాయి ఆయనకి ఎదురు చెప్పింది: "మాది ఎర్ర బంకమట్టి తాతయ్యా, చలికాలమంతా వాన. పాదులో నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లిపోతాయి." ఆయన కాసేపు ఆలోచించి, "అయితే వేసవిలో చేద్దువుగాని" అన్నారు. ఆయన ఒకరి మాట అంత తొందరగా ఒప్పుకోవడం నేను చూడలేదు.

మేం ఎంచుకున్న రకం బ్రామ్లీ, వంటకి వాడే పుల్లటి ఆపిల్. మాకు దగ్గర్లోనే, సౌత్‌వెల్ ఊళ్లో, 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి వేసిన గింజ నుంచి ఈ రకం పుట్టింది. తర్వాత ఆ చెట్టున్న ఇల్లు కొన్న మాథ్యూ బ్రామ్లీ పేరు దీనికి స్థిరపడింది. 1856లో హెన్రీ మెర్రీవెదర్ అనే నర్సరీ ఆయన అక్కడినుంచి కొమ్మలు తీసుకుని అంటు కట్టాడు. ఇప్పటి బ్రామ్లీలన్నీ ఆ ఒక్క చెట్టు కొమ్మలే. మాది అంటుకి వేళ్లనిచ్చే ఎం26 అనే వేరుమొక్క మీద కట్టింది, చిన్న పెరటికి సరిపోయేంతే ఎదుగుతుంది. ఇదంతా అమ్మాయి చెబితే, నాన్న బంగినపల్లి అంటు ఎలా కడతారో మూడు ఆదివారాల పాటు వివరించారు. మొదటి ఏడాది పిందెలు తుంచెయ్యాలని నేనంటే దానికి ఏడుపొచ్చింది. "మామిడంటుకీ మొదట్లో పూత తుంచేస్తాం, ముందు వేరు పట్టాలి" అని తాతయ్య అన్నాకే తుంచనిచ్చింది.

మూడో అక్టోబరులో నాలుగు కాయలు కాశాయి. ఒకటి పప్పులో వేశాను, రెండు పచ్చడి చేశాను. బ్రామ్లీ చల్లని చోట నెలల తరబడి నిలవుంటుంది కాబట్టి, నాలుగోదాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి ఉగాదికి దాచాం. పచ్చడిలోకి మామిడికాయ బదులు దాన్ని తరుగుతుంటే వీడియోలో నాన్న, "జీడి ఉందా లోపల?" అని అడిగారు.

"జీడి ఉండదు తాతయ్యా, గింజలుంటాయి" అని అరచేతిలో పెట్టి చూపించింది.

"గింజ వేస్తే అదే కాయ రాదు, తెలుసుగా?"

"తెలుసు. మేరీ ఆన్‌కి కూడా ఏదో కొత్తదే వచ్చింది" అంటూ, తడి టిష్యూలో చుట్టి ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా పక్కన పెట్టింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆయన మొదట అడిగేది వాటి గురించే.