నీలం మూత ట్యూబు

కళ్లకి పెట్టే సుర్మాలో సీసం ఉంటుందని నేనూ మా అత్తా మాటామాటా అనుకుంటున్న రోజుల్లోనే, అప్పుడే పుట్టిన మా బాబు ఒంట్లోకి ఇంకో లోహం, అల్యూమినియం, సెలైన్ గొట్టంలోంచి ఎక్కుతోందని మాకెవరికీ తెలీదు. ఇలాంటిది ఒకటి ఉంటుందని నేనెప్పుడూ వినలేదు, అందుకే రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. పక్కనే పాతపట్నం, అదేమో ఆంధ్ర, ఇక పెద్ద జబ్బు ఏదైనా వస్తే చాలామందిమి విశాఖపట్నమే పరిగెడతాం. ఏడో నెల స్కాన్‌లో బాబు కిడ్నీలు రెండూ ఉబ్బి ఉన్నాయి, ఉమ్మనీరు తక్కువగా ఉంది అన్నారు. అప్పుడే టెక్కలి మీదుగా కారులో విశాఖ వెళ్లిపోయాం. 33వ వారంలోనే కాన్పు అయిపోయింది. కేజీ ఎనిమిది వందల గ్రాములు.

మూత్రం బయటికొచ్చే దారిలో పుట్టుకతోనే పల్చటి పొర అడ్డం ఉందట. పోస్టీరియర్ యూరెత్రల్ వాల్వ్ అంటారు, మగపిల్లలకే వస్తుంది. కడుపులో ఉన్నప్పటి నుంచీ మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలని పాడు చేస్తూ వచ్చింది. పుట్టిన రోజే మూత్రం బయటికి పోవడానికి సన్నటి గొట్టం వేశారు. ఆ రోజు క్రియాటినిన్ (కిడ్నీ సరిగా పనిచెయ్యకపోతే రక్తంలో పెరిగేది) 0.8 వచ్చింది, బాగానే ఉంది కదా అని మా ఆయన ఊళ్లో అందరికీ ఫోన్లు చేసేశారు. తీరా చూస్తే పుట్టిన రోజు బిడ్డ రక్తంలో కనిపించేది తల్లి క్రియాటినిన్‌నట, అంటే అది నాది! నాలుగో రోజుకి 2.6 అయ్యింది.

పాలు రెండు మిల్లీలీటర్లు గొట్టంతో పోసినా పొట్ట ఉబ్బిపోయేది. అందుకని మొత్తం ఆహారం నరంలోకే ఎక్కించారు. పదహారు రోజులు. ఆ పదహారు రోజులూ నేను అద్దం ఇవతల నిలబడి ఆ పసుప్పచ్చ సంచీ వైపే చూస్తుండేదాన్ని, బాబుకి అన్నం అదే కదా అని.

ఈలోగా మా అత్త పురిటి సామాను సర్దుకుని వచ్చింది. అందులో రథయాత్రప్పుడు కొన్న సుర్మా డబ్బీ ఒకటి. పిల్లాడికి దిష్టి తగలకుండా కళ్లకి పెట్టాలని ఆవిడ ఆశ. నేను గర్భంతో ఉన్నప్పుడు రోజూ పెట్టుకున్నదీ అదే. వేలికి రాసుకుంటే మసిలా నల్లగా కాకుండా సన్నగా మెరిసేది. ఆ మెరుపు చూసే నర్సమ్మ ఆగింది. కొన్ని సుర్మాలు సీసం ఖనిజాన్ని నూరి చేస్తారట, ఇంట్లో ఆముదం దీపం మీద పట్టే కాటుక వేరు, ఇది వేరు అంది. మా అత్త ముఖం చిన్నబోయింది, "మా అమ్మ కూడా మాకు పెట్టింది, మాకేమైంది" అంది. నేనూ నాలుగు మాటలు అనేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడని అన్నందుకు సిగ్గేస్తుంది, పెట్టుకున్నది నేనే కదా.

సుర్మా సంగతి విని డాక్టరుగారు సీసంతో పాటు అల్యూమినియం కూడా చూద్దాం అన్నారు. మామూలు ట్యూబు పనికిరాదట, ట్యూబులోనే లోహాల జాడ ఉంటే లెక్క తప్పుతుంది. నీలం మూతది కావాలి. ఆ ఒక్క ట్యూబు కోసం మా ఆయన మూడు ల్యాబులు తిరిగారు.

రిపోర్టు వారానికి వచ్చింది. సీసం డెసీలీటరుకి 5 మైక్రోగ్రాములు. పిల్లల్లో 3.5 దాటితే ఎక్కడినుంచి వస్తోందో వెతకాలంటారు, రక్తంలోంచి తీసే మందు సాధారణంగా 45 దాటితేనే ఇస్తారు. అల్యూమినియం మాత్రం లీటరుకి 41 మైక్రోగ్రాములు. కిడ్నీ రోగుల్లో 20 లోపే ఉండాలట.

"సెలైన్‌లో అల్యూమినియం ఎందుకు వేశారు సార్?" అని అడిగేశాను.

ఆయన నవ్వలేదు. కూర్చోబెట్టి చెప్పారు. "ఎవరూ వెయ్యలేదమ్మా. ఆ సంచీలో కలిపే క్యాల్షియం గ్లూకోనేట్ గాజు సీసాలో వస్తుంది. గాజులో అల్యూమినియం ఉంటుంది, క్రిములు చావడానికి సీసాని వేడి చేస్తే కొంచెం మందులోకి దిగుతుంది. మనం తినేదాంట్లో నూటికి ఒక వంతు కూడా పేగు దాటి రక్తంలోకి పోదు, పోయింది కిడ్నీ తోసేస్తుంది. మీవాడికి పేగుతో పని లేకుండా నరంలోకే ఇస్తున్నాం, కిడ్నీ చూస్తే ఇలా ఉంది." ఎముకల్లోనూ మెదడులోనూ పేరుకుంటుందని, నెలలు నిండని పిల్లల మీద 1997లోనే ఒక పరిశోధనలో దీని ప్రభావం బయటపడిందని, అమెరికాలో రోజుకి కేజీకి 5 మైక్రోగ్రాములు దాటితే ప్రమాదమని 2004 నుంచి హెచ్చరిక రాస్తున్నారని కూడా చెప్పారు.

అయితే ముందే ఎందుకు చూడలేదు అని కడుపు మండింది. కానీ ఆ సంచీ లేకపోతే వాడు బతికేవాడే కాదు, అదీ నిజమే.

ప్లాస్టిక్ సీసాలో వచ్చే క్యాల్షియం తెప్పించారు. సంచీలో కలిపే క్రోమియం కూడా కిడ్నీ గుండానే పోవాలని అది ఆపారు. అన్నిటికంటే ముందు, నా పాలు మళ్లీ మొదలుపెట్టారు. ఒక మిల్లీలీటరు, మూడు గంటలకొకసారి. తల్లిపాలలో అల్యూమినియం చాలా తక్కువట. పంపుతో పిండి సీసాలో పోస్తుంటే చుక్కలు లెక్కపెట్టుకునేదాన్ని. ఈసారి పొట్ట ఉబ్బలేదు. పాలు పెరిగేకొద్దీ సంచీ తగ్గిస్తూ వచ్చి ఆరు రోజుల్లో తీసేశారు.

ఇరవై ఒకటో రోజున ఊళ్లో ఒడియా పొరుగువాళ్లు ఏకోయిశియా (ఆ రోజు బిడ్డకి పేరు పెట్టే వేడుక) చెయ్యట్లేదా అని ఫోన్ చేశారు. ఆ రోజే బాబుకి సన్నటి కెమెరా గొట్టంతో ఆ పొర కోశారు. తర్వాత మూత్రం గొట్టం తీసేసి డాక్టరుగారు ఒకటే చెప్పారు, ధార ఎలా వస్తుందో చూస్తూ ఉండండి అని.

క్రియాటినిన్ ఒక్కసారిగా దిగలేదు. 1.9, 1.4, మళ్లీ ఇన్ఫెక్షన్ వచ్చి 1.7. మొదటి ఏడాదిలో కిందికి ఎంత దిగుతుందన్నదాన్ని బట్టే ముందు ముందు కిడ్నీ ఎలా ఉంటుందో అంచనా వేస్తారట, అందుకని ప్రతి రిపోర్టూ పరీక్ష రిజల్టులా టెన్షన్. పదో నెలలో 0.6 వచ్చింది. అల్యూమినియం మూడు నెలలకి 14, సీసం 3 లోపు. మందు లేకుండానే, కిడ్నీ కోలుకునేకొద్దీ. ఎముకల్లో చేరిందేమైనా ఉంటే ఈ పరీక్షకి దొరకదన్నారు, అందుకే ఎదుగుదల చూపించడానికి ఇప్పటికీ ఆర్నెల్లకోసారి వెళ్తాం.

సుర్మా డబ్బీ మా అత్తే పారేసింది, నేను చూడకుండా. ఇంటికొచ్చిన రెండో రోజు పొద్దున్న వాడిని కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాస్తుంటే వాడు ఆవిడ కొత్త నేత చీర మీద, ఆపైన ఎదురుగా గోడదాకా పోశాడు. ఆవిడ తుడుచుకోలేదు. "ఓరి బాబోయ్, ధార! ఇలా రండి, ధార చూడండి!" అని వీధిలోకి వినిపించేలా కేక పెట్టింది.