నీలం గుడ్డు కోసం ఆరు వారాలు: మా ఇంటి ఈస్టర్ డైరీ, 2025

మార్చి 9, ఆదివారం

పోయిన ఈస్టర్‌కు పిల్లలతో గుడ్ల వేట ఆడిద్దామని రేకు చుట్టిన చాక్లెట్ గుడ్లు తెచ్చి బాల్కనీ కుండీల్లో దాచాను. చర్చి నుంచి వచ్చి వెతికేసరికి పదకొండున్నర. దొరికినవన్నీ మెత్తటి రేకు సంచులే. చాక్లెట్‌లో ఉండే కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మల్కాజ్‌గిరిలో తూర్పు బాల్కనీకి అదేం పెద్ద వేడి కాదు. చిన్నోడు రేకు నాకి "బాగుంది డాడీ" అన్నాడు గానీ, పెద్దది ఏడాది పొడుగునా దెప్పుతూనే ఉంది.

అందుకే ఈసారి నిజం గుడ్లు, వంటింట్లో దొరికే రంగులు. ఈస్టర్ ఏప్రిల్ 20న. పెద్దది పెట్టిన షరతు ఒక్కటే: నీలం గుడ్డు కావాలి, అదీ ఫుడ్ కలర్ వాడకుండా. వాళ్ల క్లాసులో ఎవరో అది కాని పని అన్నారట.

సులువైనదానితో మొదలుపెట్టాను, ఉల్లిగడ్డ పొట్టు. సంక్రాంతి నుంచి అమ్మ చేత పాత హార్లిక్స్ సీసాల్లో దాయిస్తున్నాను. "చెత్తల వడేసేది దాచిపెట్టుమంటవేంది బిడ్డా" అని గొణుగుతూనే మూడు సీసాలు నింపింది. డజను ఉల్లిగడ్డల పొట్టు, లీటరు నీళ్లు, సన్నమంట మీద అరగంట. వడకట్టి, చల్లారాక రెండు టేబుల్ స్పూన్ల వెనిగర్. కిరాణా కొట్టులో తెల్ల సిర్కా అని అడగండి, చప్పున ఇస్తారు. ముందే ఉడికించిన గుడ్లు అందులో వేశాను. పావుగంటకు లేత నారింజ, గంటకు ఇటుక రంగు. మొదటిసారికే ఇంత బాగా వస్తుందనుకోలేదు.

గుడ్ల సంగతి ఒకటి. ఫారం కోడి తెల్ల గుడ్డే తీసుకోండి. నాటుకోడి గుడ్డు పెంకుకు దాని రంగు దానికుంది, దాని మీద లేత రంగులేవీ తేలవు. పైగా ధర ఎక్కువ.

ఇంకో చిక్కు. ఇవి శ్రమల దినాలు కదా, ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాస కాలం, అమ్మ నీచు ముట్టదు. ప్రయోగాల గుడ్లన్నీ నేనూ పిల్లలే తినాలి. అసలు ఈ రంగు గుడ్ల ఆచారం వెనక ఉన్న కథా ఇలాంటిదే. మధ్యయుగాల యూరప్‌లో ఈ నలభై రోజులూ గుడ్డు కూడా నిషేధం. కోళ్లకు ఉపవాసం ఉండదుగా, అవి పెడుతూనే ఉంటాయి. పోగుపడ్డవన్నీ పండుగనాడు బయటికొచ్చేవి. గ్రీసు లాంటి చోట్ల ఆర్థడాక్స్ శాఖ క్రైస్తవులు ఈస్టర్ ముందు గురువారం నాడు ఎర్రగా అద్దుతారు, క్రీస్తు రక్తానికి గుర్తుగా. ఇది చెబితే అమ్మ సీసాల మీద గొణగడం మానేసింది.

మార్చి 16, ఆదివారం

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పిల్లలు మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటారు, నాకు పనివాళ్లు దొరికారన్నమాట.

నీలం కోసం ఎర్ర క్యాబేజీ. పేరుకే ఎర్ర, చూస్తే వంకాయ రంగు. మోండా మార్కెట్‌లో ఒక మోస్తరుది తెచ్చాను. సగం తరిగి, లీటరు నీళ్లలో అరగంట ఉడికిస్తే నీళ్లు ఊదా అయ్యాయి. వంటసోడా కలిపితే నీలమవుతుందని ఎప్పుడో చదివిన గుర్తు. చెంచాడు వేశాను. నిజంగానే నీళ్లు నెమలి కంఠంలా తిరిగాయి. పిల్లలు కేకలు.

గుడ్డు మాత్రం రెండు గంటలు నానినా పట్టించుకోలేదు. బయటికి తీస్తే పాత చొక్కా కాలరు రంగు. రాత్రికల్లా గిన్నెలో నీళ్లు కూడా పచ్చబడి, తర్వాత బురద రంగుకు దిగాయి. ఇల్లంతా క్యాబేజీ వాసన. మా ఆవిడ కిటికీలు తెరిచి, "వచ్చే వారం మీ ప్రయోగశాల డాబా మీద పెట్టుకోండి" అంది.

బీట్‌రూట్ కూడా చూశాను. గులాబీ వస్తుందని ఆశపడితే ఆరాక గోధుమ రంగు. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

మార్చి 30, ఆదివారం, ఉగాది

ఈ రోజు అనుకోకుండా మంచి పని జరిగింది. పక్క ఫ్లాటు ఆంటీ ఉగాది పచ్చడి ఇచ్చి, వేపపూత కోసం కొట్టిన కొమ్మను మా గుమ్మం దగ్గరే వదిలేసి వెళ్లారు. గుడ్డు మీద ఆకు పెట్టి గుడ్డతో కట్టి రంగులో ఉడికిస్తే, ఆకు ఉన్నచోట తెల్లగా అచ్చు మిగులుతుంది. లేత వేపాకుతో చూద్దామనిపించింది.

కట్టడానికి పల్చటి నైలాన్ కావాలి. మా ఆవిడ స్కూటీ మీద వెళ్లేటప్పుడు వేసుకునే స్కిన్ కలర్ సాక్స్ సరిగ్గా సరిపోయాయి. పాతవే, అడిగే తీసుకున్నాను. పచ్చి గుడ్డు తడిపి, ఆకును వేలితో అదిమి, సాక్సులోకి జార్చి, వెనకవైపు మెలితిప్పి గట్టిగా దారం చుట్టాలి. ఎంత బిగుతుగా కడితే అంచు అంత స్పష్టంగా వస్తుంది. అలాగే ఉల్లిపొట్టు నీళ్లలో వేసి, మరుగు వచ్చాక పన్నెండు నిమిషాలు ఉంచి, ఆ నీళ్లలోనే చల్లారనిచ్చాను.

కరివేపాకు దళసరి, అంచు లేస్తుంది, దాని కిందికి రంగు దూరుతుంది. కొత్తిమీర బాగానే వచ్చింది కానీ అతికించేటప్పుడు పిల్లల చేతుల్లో చిరుగుతోంది. వేపాకు రంపం పళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా పడ్డాయి. అన్నిటికన్నా అందంగా వచ్చింది మాత్రం చింతచిగురు. పప్పులోకని తెచ్చినదాంట్లోంచి చిన్నోడు ఒక రెమ్మ లాక్కొచ్చి పెట్టించాడు. సాక్సు కత్తిరించి తీస్తే ఇటుక రంగు పెంకు మీద సన్నటి ఈనె, దానికి రెండు వైపులా బియ్యపు గింజల్లా తెల్లటి ఆకులు జంటలు జంటలుగా. కొన దగ్గర ఒక ఆకు మడత పడిందేమో, అక్కడ సగం గింజే ఉంది. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

నీలం వచ్చింది!

పొరపాటంతా సోడాదే. రంగు పెంకుకు పట్టాలంటే పులుపు ఉండాలి. పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బొనేట్, వెనిగర్ తగలగానే సన్నటి బుడగలు వస్తాయి, పై పొర కాస్త గరుకై రంగును పట్టుకుంటుంది. శనివారం సాయంత్రం మళ్లీ క్యాబేజీ ఉడికించి, ఈసారి లీటరుకు రెండు టేబుల్ స్పూన్ల వెనిగర్ పోశాను. నీళ్లు చటుక్కున గులాబీ అయిపోయాయి. పెద్దది మొహం మాడ్చుకుంది. "నీలం అన్నాను డాడీ, పింక్ కాదు."

నాకూ నమ్మకం లేదు. అయినా నాలుగు ఉడికిన గుడ్లు వేసి, గిన్నె మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి పడుకున్నాం. పొద్దున చర్చికి తయారవుతూ మూత తీస్తే, గులాబీ నీళ్ల అడుగున నీలం గుడ్లు. క్యాబేజీలో ఉండే ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు పులుపులో గులాబీగా, పులుపు విరిగితే నీలంగా మారతాయి. పెంకు తనకు ఆనుకున్న పులుపును తనే విరిచేస్తుంది కాబట్టి గిన్నెలో ఒక రంగు, గుడ్డు మీద ఇంకో రంగు. పెద్దదానికి ఇదంతా చెబుతుంటే అది వినలేదు, ఫోటోలు తీస్తోంది.

ఒక గుడ్డు మీద మాత్రం మూడు తెల్ల మచ్చలు. దగ్గర పెట్టి చూస్తే చిన్నోడి వేలిముద్రలు, గీతలతో సహా. నానమ్మ తలకు కొబ్బరినూనె రాస్తుంటే మధ్యలో లేచొచ్చి గుడ్డు పట్టుకున్నాడట. నూనె ఉన్నచోట రంగు పట్టదు. రంగులో వేసే ముందు గుడ్లను వెనిగర్ తడిపిన గుడ్డతో తుడవాలని అలా తెలిసింది. ఆ గుడ్డును మా ఆవిడ ఎవర్నీ తిననివ్వలేదు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

పొద్దున ఈత మట్టలు పట్టుకుని హోసన్న పాడుతూ ఊరేగింపు. ఇంటికొచ్చి పిల్లలు ఆ ఆకుతోనే చిన్న సిలువలు అల్లారు. సాయంత్రం ఆకుపచ్చ కుదిరింది: మూడు టేబుల్ స్పూన్ల పసుపు మరిగించిన నీళ్లలో, వెనిగర్ కలిపి, అరగంట, ఆరాక క్యాబేజీ నీళ్లలో రెండు గంటలు. పసుపు ప్లాట్‌ఫారానికి అంటుకుంది, మా ఆవిడ ఇంకా చూడలేదు.

ఏప్రిల్ 19, శనివారం

నిన్న గుడ్ ఫ్రైడే, మధ్యాహ్నం మూడు దాకా చర్చిలోనే. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల ధ్యానమూ అయ్యేసరికి చిన్నోడు నా ఒళ్లో నిద్రపోయాడు. రంగుల జోలికి పోలేదు.

ఈ రోజు ఒక ట్రే, 30 గుడ్లు. వారం కిందట కొన్నవే వాడాను, మరీ తాజావైతే పెంకు సరిగ్గా ఊడదు. చన్నీళ్లలో వేసి మరిగాక పది నిమిషాలు. రెండు పగిలాయి, అవి మాకు టిఫినయ్యాయి. మిగిలిన వాటిలో నీలం పది, ఇటుక రంగు పది, పసుపు నాలుగు, ఆకుపచ్చ నాలుగు. ఇటుక రంగు వాటిలో ఆరింటికి చింతచిగురు. ఆరాక వేలి కొనతో ఒక్క చుక్క నూనె రాస్తే మెరుస్తాయి. ఎక్కువైతే జారిపోతాయి, చూసుకోండి.

ఏప్రిల్ 20, ఈస్టర్

నాలుగింటికే లేచి భోయిగూడ సమాధుల తోటకు. చీకట్లో వరసగా కొవ్వొత్తులు, బంతిపూలు, ఎక్కడెక్కడి నుంచో పాటలు. నాన్న సమాధి కడిగి, సున్నం వేసిన చోట పూలు పరిచాం. పెద్దది జేబులోంచి చింతచిగురు గుడ్డు తీసి పూల మధ్య పెట్టింది. "తాతకు గుడ్డు పులుసంటే పానం" అంది అమ్మ. మేం గేటు దాటేలోపే కాకి దాన్ని పొడుస్తోంది. చిన్నోడు పరిగెత్తబోయాడు, అమ్మే ఆపింది, "తిననియ్యి".

ఆరాధన తర్వాత వేట. ఉడికిన గుడ్డు మామూలుగా రెండు గంటలకు మించి బయట ఉండకూడదు, ఇలాంటి ఎండలో గంట కూడా ఎక్కువే. అందుకే డాబా మానేసి ఇంట్లోనే దాచాను, దాచే ముందే ఒక్కో చోటూ కాగితం మీద రాసుకున్నాను. ఇది మాత్రం తప్పక చేయండి, మరిచిపోయిన గుడ్డు నాలుగో రోజున వాసనతోనే దొరుకుతుంది. షూ ర్యాకు, బియ్యం డబ్బా, కూలర్ వెనక, హార్మోనియం పెట్టె. పక్క ఫ్లాటు పిల్లలిద్దరూ వచ్చారు. ఇరవై నిమిషాల్లో అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. నా కాగితంలో "పరుపు కింద" అని ఉంది, ఏ పరుపో రాయలేదు. అమ్మ కూర్చున్న పరుపే అది.

తర్వాత గ్రీకుల ఆట: ఇద్దరు చెరో గుడ్డు పట్టుకుని ముక్కుకు ముక్కు కొట్టుకోవాలి, పగలనిది గెలిచినట్టు. చిన్నోడి నీలం గుడ్డు ఐదుగురిని ఓడించింది.

మధ్యాహ్నం అమ్మ ఉపవాసం విడిచింది, కోడికూర, బగారా అన్నంతో. రాత్రికి మిగిలిన గుడ్లన్నీ పులుసులోకి. పగుళ్లలోంచి రంగు లోపలికి దిగి, తెల్లసొన మీద నీలం గీతలు మ్యాపులో నదుల్లా ఉన్నాయి. మా ఆవిడ ఒకటి గరిటెతో పైకెత్తి, దీపం దగ్గర పెట్టి చూసి, "ఇది తినొచ్చా నిజంగా?" అంది. క్యాబేజీయే అన్నాను. అప్పటికే చిన్నోడు రెండు తిన్నాడు.

పులుసుకు తరిగిన ఉల్లిగడ్డల పొట్టు అమ్మ చెత్తబుట్టలో వేయలేదు. సీసా ఎక్కడ పెట్టావని అడిగింది.